మీకు తెలుసా? పిట్టగోడ కట్టడమూ దైవాజ్ఞే

యూదుల ధర్మశాస్త్రంలో కొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టకపోవడం దైవాజ్ఞను మీరడమే. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనంలో ఉందీ ఆదేశం. పైనుంచి ఎవరైనా జారిపడితే ఆ దోషం ఇంటి మీదికే వస్తుంది. తడలో ఎండాకాలం రాత్రి మిద్దె మీద పక్క వేసుకుని, పిల్లల్ని గోడ వైపు పోనీయకుండా కాచుకునే తల్లికి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఎత్తు ఎంతుండాలో కూడా తేల్చేశారు. 12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యం చేసిన పండితుడు మైమోనిడీస్ ‘మిష్నే తోరా’ అనే ధర్మశాస్త్ర గ్రంథంలో రాసిన కొలత పది బెత్తెలు, అంటే దాదాపు మూడడుగులు. మనిషి ఆనుకున్నా కూలకూడదు. పశువుల కొట్టానికి, సరుకు దాచే గదికి మినహాయింపు ఉంది. పెరట్లోని బావికి మాత్రం లేదు: చుట్టూ అంతే ఎత్తు గోడైనా కట్టాలి, మూతైనా వేయాలి. రాత్రిపూట ఏట్లో నోరు పెట్టి నీళ్లు తాగొద్దనీ అక్కడే ఉంది, చీకట్లో జలగ గొంతులోకి పోవచ్చని!

ఈ శాస్త్రాన్ని నమ్మే తెలుగువాళ్లూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే యూదు సమాజానికి 1990ల తొలినాళ్లలోనే యాకోబీ సోదరుల చొరవతో ప్రార్థనా మందిరం ఏర్పడింది. ప్రాణానికి ఈ శాస్త్రం ఇచ్చే విలువ పిట్టగోడతోనే ఆగదు. యూదులకు శనివారం పని నిషిద్ధం. కానీ ప్రాణం మీదికొస్తే ఆ నిషేధాన్ని పక్కనపెట్టి రోగిని ఆసుపత్రికి చేర్చి తీరాలన్నదీ ఆ శాస్త్రమే.