మాత్ర ఒకటే.. ఆమెకో తీరు, అతనికో తీరు

స్కిజోఫ్రేనియాకు మందులు వాడే ఆడవారిలో కొందరికి నెలసరి ఆగిపోతుంది. పెళ్లి కాని అమ్మాయైతే ఇంట్లో లేనిపోని అనుమానాలు. పెళ్లయితే గర్భమేమో అనుకుంటారు. చివరికి మందుల వల్లేనని తెలిశాక, డాక్టరుకు చెప్పకుండా మాత్రలు మానేస్తారు. కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. నిజానికి మందు మార్చడంతోనో, మోతాదు సరిచేయడంతోనో చాలావరకు తీరిపోయే ఇబ్బంది ఇది.

ఎవరూ లేకున్నా మాటలు వినపడటం, ఎవరో హాని తలపెడుతున్నారని గట్టిగా నమ్మడం, నలుగురికీ దూరంగా ఉండిపోవడం స్కిజోఫ్రేనియాలో కనిపిస్తాయి. మగవారిలో ఎక్కువగా ఇరవై ఏళ్లకు అటూఇటూ మొదలవుతుంది. ఆడవారిలో సగటున కొన్నేళ్లు ఆలస్యంగా వస్తుంది. వారిలో కొందరికి నెలసరి ఆగే వయసులో తొలిసారి బయటపడుతుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

ఈ జబ్బులో మెదడులోని కొన్ని భాగాల్లో డోపమైన్ అనే రసాయనం జోరు ఎక్కువవుతుంది. చాలా మందులు మెదడు కణాల మీదుండే డీ2 రిసెప్టార్లను అడ్డుకుని ఆ జోరును తగ్గిస్తాయి. ఆడవారిలో ఈస్ట్రోజెన్ హార్మోను కూడా డోపమైన్ పనితీరును కొంత అదుపు చేస్తుంది. అందుకే నెలసరి ముందు రోజుల్లో, ప్రసవం తర్వాత, మెనోపాజ్‌లో ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు కొందరిలో లక్షణాలు పెరుగుతాయి. అప్పటిదాకా సరిపోయిన మోతాదు చాలకపోవచ్చు.

కాలేయం, బీడీ పొగ

ఒలాంజపిన్, క్లోజపిన్ మందులను కాలేయంలోని ఒక ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఇది మగవారిలో కాస్త చురుగ్గా ఉంటుంది. కాబట్టి అదే మోతాదు వేసుకున్నా ఆడవారి రక్తంలో మందు ఎక్కువగా నిలుస్తుంది.

బీడీ, సిగరెట్ పొగ ఈ ఎంజైమ్‌ను మరింత చురుగ్గా చేస్తుంది. దీనికి కారణం పొగే, నికోటిన్ కాదు. అందువల్ల ఈ మందులు వాడేవారు పొగ మానేస్తే, కొద్ది రోజుల్లోనే రక్తంలో మందు పెరిగి విపరీతమైన మగత, చొంగ కారడం, క్లోజపిన్‌తోనైతే ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. పొగ మానడం మంచిదే. అయితే ముందుగా డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు.

నెలసరి ఎందుకు ఆగుతుంది?

ప్రొలాక్టిన్ హార్మోను పెరగకుండా డోపమైన్ అదుపులో పెడుతుంది. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ వంటివి ఆ అదుపును తీసేస్తాయి. దాంతో నెలసరి తప్పడం, బిడ్డ లేకున్నా పాలు రావడం, ఏళ్ల తరబడి ఇలాగే ఉంటే ఎముకలు బలహీనపడటం జరగొచ్చు. మగవారిలో లైంగిక ఆసక్తి తగ్గడం, రొమ్ములు పెరగడం కనిపిస్తాయి. సిగ్గుతో చాలామంది చెప్పరు. రక్తపరీక్షతో ప్రొలాక్టిన్ ఎంతుందో తెలుస్తుంది. అరిపిప్రజోల్ వంటి మందులకు ఈ ఇబ్బంది తక్కువ. ఇక్కడొక హెచ్చరిక: నెలసరి రాకపోయినా గర్భం రాదన్న భరోసా లేదు. మందు మార్చాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది కూడా.

ఏం చేయాలి?

* నెలసరి తేదీలు, లక్షణాలు పెరిగిన రోజులు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పరీక్షకు వచ్చినప్పుడు చూపించండి.
* గర్భం కావాలనుకుంటే ముందుగానే చెప్పండి. గర్భమని తెలియగానే మాత్రలు ఒక్కసారిగా ఆపొద్దు. జబ్బు తిరగబెడితే తల్లికీ బిడ్డకూ ముప్పే. వాల్‌ప్రొయేట్ కూడా వాడుతుంటే వెంటనే డాక్టరును కలవండి. అది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.
* ఒలాంజపిన్, క్లోజపిన్‌తో బరువు, షుగర్ పెరుగుతాయి. బరువు, నడుము కొలత, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకుంటూ ఉండండి.
* కొన్ని మందులు గుండె లయను దెబ్బతీయొచ్చు. ఈ ముప్పు ఆడవారిలో ఎక్కువ. కళ్లు తిరిగి పడిపోతే ఈసీజీ తీయించాలి.
* అమ్మకో, అక్కకో సరిపడిన మోతాదు తమ్ముడికీ సరిపడుతుందని అనుకోవద్దు.

సందేహాలుంటే టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. మందుతో ఏ ఇబ్బంది వచ్చినా ముందు డాక్టరుకు చెప్పండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.