వలసయు హృదయమును: హొనొలూలూ పరిశోధనము

స్వస్థలమును వీడి పరభాషా ప్రాంతమున తరతరములుగ స్థిరపడినవారికి హృద్రోగము అధికమగునా? అగుచో అది వంశము వలన వచ్చినదా, మారిన జీవనము వలన వచ్చినదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన దీర్ఘకాల పరిశోధనములలో హొనొలూలూ పరిశోధనము ముఖ్యమైనది.

1965లో హవాయి దీవులలోని ఒఆహూ ద్వీపమున వైద్యులు ఈ కార్యమునకు పూనుకొనిరి. 1900-1919 సంవత్సరములలో జన్మించిన జపాను సంతతి పురుషులు 8,006 మందికి రక్తపుపోటు, కొలెస్టరాల్ పరీక్షించి, ఆహారము, ధూమపానము మొదలగు అలవాట్లను నమోదు చేసిరి. పిమ్మట దశాబ్దముల తరబడి వారి ఆరోగ్యమును గమనించిరి.

వీరిని హిరోషిమా, నాగసాకి వాసులతోను, కాలిఫోర్నియాలోని జపాను సంతతివారితోను పోల్చిచూడగా, హృద్రోగము జపానులో తక్కువగను, హవాయిలో మధ్యస్థముగను, కాలిఫోర్నియాలో ఎక్కువగను కనబడినది. వంశమొకటే, మారినది జీవనము. అయితే స్వదేశ జీవనమంతయు మేలైనదని తలపరాదు. పక్షవాతము జపానులోనే అధికము.

1976లో మార్మట్, సైమ్ అను పరిశోధకులు ప్రకటించిన ఫలితము మనము ప్రత్యేకముగ గమనింపదగినది. కాలిఫోర్నియాలో ఉండియు జపాను సంప్రదాయమును, సంఘబంధములను నిలుపుకొన్నవారిలో హృద్రోగము జపానులోవలెనే స్వల్పము. వానిని మిక్కిలి విడిచినవారిలో మూడు నుండి అయిదు రెట్లు అధికము. ఆహారము, పొగత్రాగుట, రక్తపుపోటు మాత్రమే ఈ భేదమునకు కారణములని చెప్ప వీలుకాలేదు.

జపాను పురుషులను గూర్చిన ఈ ఫలితమును మనకు యథాతథముగ అన్వయింపరాదు. సంఘబంధము ఔషధమునకు బదులు కాదు. రక్తపుపోటు పరీక్ష మానరాదు. అయినను మన పెద్దలను ఒంటరితనమునకు విడువక, నలుగురితో తమ భాషలో మాటలాడుకొను తావు కల్పించుట వారి మనస్సునకే గాక హృదయమునకును మేలు కావచ్చును.