వీధిదీపాల నడుమ చుక్కల టైమ్‌ల్యాప్స్: లెక్కలు ఇవీ

హైదరాబాద్‌లో ఇటు గోల్నాక, అటు తార్నాక. మధ్యలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, చుట్టూ దీపాలు. ఇలాంటి చోట ఖగోళ శిబిరం పెట్టి రాత్రి ఆకాశాన్ని టైమ్‌ల్యాప్స్ తీయవచ్చా? తప్పకుండా తీయవచ్చు. పాలపుంత మాత్రం దొరకదు. చీకటి పల్లెలో పనికొచ్చే సెట్టింగులూ ఇక్కడ పనికిరావు.

ఎన్ని ఫొటోలు?
వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. పది సెకన్ల వీడియోకు 250 ఫొటోలు కావాలి. 10 సెకన్ల ఎక్స్‌పోజర్, 2 సెకన్ల విరామం పెట్టుకుంటే 250 ఫొటోలకు 50 నిమిషాలు పడుతుంది. ఆలోగా ఆకాశం 12.5 డిగ్రీలు జరుగుతుంది. రా ఫైలు ఒక్కోటి 25 ఎంబీ అనుకుంటే కార్డులో 6 జీబీకి పైగా ఖాళీ ఉండాలి.

ఎన్ని సెకన్లు?
నక్షత్రాలు గంటకు 15 డిగ్రీలు కదులుతాయి. అంటే రెండు నిమిషాల్లో చందమామ వెడల్పంత దూరం. చుక్క గీతలా సాగకుండా ఉండాలంటే 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 18 ఎంఎం లెన్స్‌కు ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సుమారు 28 సెకన్లు. చిన్న సెన్సర్ కెమెరాలో 1.5తో కూడా భాగిస్తే 18 సెకన్లు.

వెలుతురుకు ఏం తగ్గించాలి?
చీకటి చోట ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 1600, 25 సెకన్లు పెడతారు. నగరంలో అదే పెడితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఐఎస్‌ఓ 400, 10 సెకన్లకు దిగితే ఫొటో పది రెట్లు ముదురుతుంది. అయితే చుక్క, దాని వెనకాల వెలుగు రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి వాటి మధ్య తేడా పెరగదు. ఆ తేడా పెరగాలంటే కెమెరాను తక్కువ వెలుగున్న దిక్కుకు తిప్పాలి. ఫోకస్, ఎపర్చర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లోనే ఉంచాలి. ఆటోలో ఉంటే వీడియో మినుకుమినుకుమంటుంది.

ఎటు తిప్పాలి?
హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. ధ్రువనక్షత్రం కూడా అంతే ఎత్తులో, దీపాల మసక వెలుగులో ఉంటుంది. చలికాలంలో గొల్లకావిడి నడినెత్తికి దగ్గరగా, దాదాపు 71 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అక్కడ మసక తక్కువ. కొత్తవారు దానితోనే మొదలుపెట్టాలి.

శిబిరంలోని దీపాలు
కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్ల టార్చి దాన్ని చెడగొడుతుంది. ఎవరైనా ఫోన్ వెలిగించిన ఒక్క ఫ్రేము వీడియోలో మెరుపులా కనిపిస్తుంది. మసక ఎర్ర దీపం చాలు. దీపాన్ని 10 మీటర్ల నుంచి 20 మీటర్లకు జరిపితే కెమెరా మీద పడే దాని వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది.

నిజామియా చెప్పే పాఠం
1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వానికి, 1919లో ఉస్మానియాకు చేరింది. ప్రపంచ వేధశాలలు కలిసి తలపెట్టిన నక్షత్ర ఛాయాచిత్ర పట్టికలో హైదరాబాద్ తన వంతు భాగాన్ని పూర్తిచేసింది. ఆకాశాన్ని ఫొటో ప్లేట్ల మీద నమోదు చేసిన ఘనత మన ఊరిది. తర్వాత 48 అంగుళాల టెలిస్కోపును 1968లో నగరపు వెలుగుకు దూరంగా, జపాల్–రంగాపూర్‌లో ప్రారంభించారు.

ఆ వెలుగు పెరుగుతూనే ఉంది. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2011–2022 మధ్య రాత్రి ఆకాశపు వెలుగు ఏడాదికి సగటున 9.6 శాతం పెరిగింది. అంటే ఎనిమిదేళ్ల లోపే రెట్టింపు.

సెట్టింగులు మార్చుకోవడం మన చేతిలో పని. దీపాలకు మూతలు పెట్టి వెలుగును నేల మీదికే పంపడం ప్రాంగణాల, కాలనీల చేతిలో ఉంది. వచ్చే శిబిరానికి కనీసం మీ వీధి దీపం నుంచైనా మొదలుపెట్టండి.