హాజరుపట్టీలో మొదటి పేరు

కళాశాలలో వ్యాసరచన తరగతి ప్రారంభమైన నాడే విద్యార్థులకు సాధారణంగా మూడు నియమాలు వినిపిస్తారు. హాజరు నూటికి 75 వంతులకు తగ్గరాదు. వ్యాసం గడువులోగా అందజేయాలి. తరగతిలో మర్యాద తప్పరాదు. ఇవి న్యాయమైన కట్టుబాట్లే. కాని దండకారణ్యంలోని దోర్నపాల్‌కు వెళ్ళి చూచినవారికి వీటి వెనుక మరొక ప్రశ్న గోచరిస్తుంది: విద్యార్థి పేరు పిలువకముందు, అసలు బడి హాజరయిందా?

దోర్నపాల్ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఒక చిన్న పట్టణం. భద్రాచలం నుండి చింతూరు, కుంటల మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్నది. ఇక్కడ చీలి అడవిలోకి సాగే దారి సుమారు 56 కిలోమీటర్ల తర్వాత జగర్‌గుండ చేరుతుంది. 2005లో సల్వాజుడుం మొదలైన పిమ్మట ఈ ప్రాంతమంతా రణరంగమయింది. ఊళ్ళు విడిచిన గిరిజనులు వేలసంఖ్యలో దోర్నపాల్ శిబిరంలో తలదాచుకున్నారు. కొన్ని బడులలో భద్రతాదళాలు విడిది చేశాయి. దళాలకు అవి నెలవులవుతున్నాయంటూ మావోయిస్టులు అనేక బడులను కూలగొట్టారు. బడులను ఖాళీ చేయవలసిందిగా 2011లో సుప్రీంకోర్టు దళాలను ఆదేశించింది.

జగర్‌గుండలో 2006లో మూతపడిన బడి తిరిగి తెరుచుకున్నది 2019 జూన్‌లో. అంటే 13 ఏండ్లకు! ఆరేండ్ల వయస్సులో ఓనమాలు దిద్దవలసిన బిడ్డ ఆనాటికి పందొమ్మిదేండ్ల యువకుడై ఉంటాడు. ఇన్నేండ్ల గైర్హాజరును ఎవరి పేరిట వ్రాయాలి?

చదువు తెగిపోయిన పిల్లల కోసం దోర్నపాల్ మొదలైన చోట్ల వెదురుతో ఆశ్రమ పాఠశాలలు లేచాయి. వీటిని స్థానికులు పోటాకాబిన్లంటారు. పిల్లలు అక్కడే తిని, అక్కడే నిద్రించి చదువుకుంటారు. వానలకు వాగులు పొంగినా పాఠం ఆగదు. ఇంటివద్ద ఉండి చదివే పిల్లల సంగతి వేరు. వేసవి ముఖం పట్టగానే ఇప్పపూలు ఏరాలి, ఆపైన తునికాకు కోయాలి. మిరపకోతలకు తెలంగాణ వెళ్ళే తల్లిదండ్రుల వెంట కొందరు తరలిపోతారు. బడికి వచ్చినవారికి మరొక అడ్డంకి భాష. ఇంట గోండీ, దోర్లీ మాట్లాడే బిడ్డ హిందీలో వ్రాయాలి. అటువంటి బిడ్డ మౌనాన్ని సోమరితనమనీ, అవిధేయత అనీ పొరబడడం సులభం.

2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ విషయంలో ఆలోచింపదగిన మార్గం చూపింది. అందులోని 24వ విభాగం వేళకు బడికి రావడాన్నీ, నిర్ణీత గడువులో పాఠ్యాంశం పూర్తి చేయడాన్నీ ఉపాధ్యాయుని విధులుగా పేర్కొన్నది. బిడ్డ శక్తిని గుర్తించి అదనపు బోధన చేయడం, హాజరు గురించి తల్లిదండ్రులతో మాట్లాడడం కూడ ఆయన బాధ్యతలే. కొట్టడం, మనస్సు నొప్పించడం 17వ విభాగం ప్రకారం నిషిద్ధం. ఆలస్యంగా చేరిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ విభాగం చెబుతున్నది. పదునాలుగేండ్లు దాటినా ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు ఆ బిడ్డకు ఉచితంగా చదువు చెప్పాలి. గడువు పెరుగుతుందే కాని చదువు తగ్గదు. సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలోనే సాగాలనీ చట్టం కోరుతున్నది.

ఇది క్రమశిక్షణను సడలించడం కాదు. వ్రాత ఒకనాటి పాఠంతో పట్టుబడే విద్య కాదు. వ్రాసి, దిద్దించుకుని, మళ్ళీ వ్రాసినప్పుడే అది చేతికి వస్తుంది. అందుకే హాజరు కావాలి, గడువూ కావాలి. అయితే నియమం ఇరువైపులా నిలిచే మాట. దిద్దిన కాగితాన్ని వేళకు తిరిగి ఇచ్చే అధ్యాపకుడు వేళకు వ్రాయమని అడుగగలడు. పిల్లవాడి మాటను ఓపికతో వినేవాడు తన మాట వినమని కోరగలడు.

జగర్‌గుండ వంటి ఊళ్ళ నుండి విద్యార్థి రేపు ఏ కళాశాల మెట్లు ఎక్కినా అవే మూడు నియమాలు వింటాడు, వాటిని పాటించవలసిందే. కాని హాజరుపట్టీ తెరచినప్పుడు, అతని పేరుకు పైన కంటికి కనిపించని పేరొకటి ఉంటుంది. అది బడి పేరు. ముందుగా పలుకవలసింది అదే.