కారుకు మెరుగు పెట్టు యంత్రము

కాప్రా వీధులలో దుమ్ముపట్టిన కారును పొడిగుడ్డతో తుడిచినకొలదియు సాలెగూటివంటి సన్నగీతలు పడును. పాలిషర్ ఆ గీతలను పూడ్చదు. చుట్టునున్న పైపూతను అరగదీసి సమము చేయును. ఆ పూత సాధారణముగా 40, 50 మైక్రానులు మాత్రమే, అనగా తలవెంట్రుక కంటె పలుచన. జాగ్రత్త అంతయు ఇందుకే.

కొత్తవారు రోటరీ యంత్రము జోలికి పోకుండుట మేలు. అది ఒకేచోట నిలిచినచో వేడికి పూత మాడిపోవును. గిరగిర తిరుగుచునే అటునిటు ఊగులాడు డ్యూయల్ యాక్షన్ యంత్రమును కొనుడు. గట్టిగా నొక్కినచో దాని స్పాంజి తిరుగుట మానును గాని, పూతను అంత సులభముగ తినదు.

ముందు కారును బాగుగా కడిగి, నీడలో రేకు చల్లబడనిండు. స్పాంజిపై శనగగింజంతేసి పాలిష్ నాలుగు చుక్కలు, ఒక్కొక్కమారు రెండడుగుల చదరము చాలును. అంచులకు టేపు అంటింపుడు. అచ్చట పూత మరింత పలుచన. గోటికి తగులు గీతను విడిచిపెట్టుడు. స్పాంజి నేలపై పడినచో దులిపి వాడరాదు, కడుగవలెను.