ఇంటి పని, లారీ పని: ఏది మనం చేసుకోవచ్చు, ఏది మేస్త్రీకి వదలాలి?

రంజాన్ దగ్గరపడితే చాలా ఇళ్లలో రంగులు, చిన్నాచితకా రిపేర్లు మొదలవుతాయి. సొంత లారీ ఉంటే ఆ పనులూ తోడవుతాయి. మేస్త్రీ కూలీ వినగానే 'ఈ మాత్రం మనం చేసుకోలేమా' అనిపించడం సహజం. కొన్ని పనుల్లో ఆ మాట నిజమే. కొన్నింట్లో మాత్రం ఆ పొదుపు ప్రాణం మీదకు తెస్తుంది. తేల్చుకోవాలంటే ఒక్క ప్రశ్న చాలు: పనిలో తేడా వస్తే పోయేది ఏంటి?

ఇంట్లో

గోడ గీకి లప్పం పెట్టడం, రంగు వేయడం, కుళాయి వాషర్ మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. రంగు సరిగ్గా రాకపోతే ఇంకో కోటు వేస్తాం, అంతే.

కరెంటు పని అలా కాదు. వైరింగ్, ఎర్తింగ్, గీజర్ కనెక్షన్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వాలి. ఎంసీబీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ వస్తేనే పడిపోతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపేందుకు పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది ఉందో లేదో అడిగి పెట్టించుకోండి.

సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవరూ దిగకూడదు. లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మెషిన్ బండినే పిలవాలి.

లారీకి

ఇంజిన్ ఆయిల్, కూలెంట్, టైర్ల గాలి చూసుకోవడం, వీల్ నట్లు బిగించడం, ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదలడం, గ్రీజు కొట్టడం, బల్బులు మార్చడం డ్రైవరే చేసుకోవాలి. పెద్ద ఖర్చులు తప్పించేవి ఇవే.

బ్రేకులు, స్టీరింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. స్ప్రింగ్ బ్రేక్ ఛాంబర్‌లో బలమైన స్ప్రింగ్ నొక్కిపెట్టి ఉంటుంది. తెలియక క్లాంపు విప్పితే అది ఎగిరి తగిలి మనిషి చనిపోవచ్చు. లాక్ రింగ్ ఉన్న చక్రానికి గాలి పట్టేటప్పుడూ ఇదే ప్రమాదం. ఇక 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సర్ల లోపం స్కానర్ లేకుండా పట్టుకోవడం కష్టం.

హిసాబు ఇలా వేయాలి

మెకానిక్ కూలీ 2,000 రూపాయలు, ఒక రోజు పని అనుకుందాం. అదే పని మనం చేస్తే మూడు రోజులు. లారీ మీద రోజుకు 2,500 మిగులుతుందనుకుంటే, అదనంగా ఆగిన రెండు రోజులకు 5,000 పోయినట్టు. 2,000 మిగిల్చుకోబోయి 3,000 నష్టం. పైగా ఈఎంఐ ఆగదు.

బండి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆర్‌సీలో ఉన్నదానికి తేడాగా బాడీ మార్పిస్తే అక్కడా, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఇబ్బందే.

పని అప్పగించేటప్పుడు సామాను ఖర్చు, కూలీ వేర్వేరుగా రాయించుకోండి. మార్చిన పాత పార్టులు చూపించమనండి. బిల్లు దాచండి. ట్రయల్ చూశాకే చివరి డబ్బు ఇవ్వండి. పని జరుగుతుంటే ఉస్తాద్ పక్కనే ఉండి చూడండి. ఆ పని మనం చేయకపోయినా, సరిగ్గా జరిగిందో లేదో తెలుస్తుంది.