వారసత్వపు దావాకు వకీలును ఎన్నుకొనుట



పల్లెలో ఆస్తి తగవు పుట్టినప్పుడు జనులు మొదట పెద్దల గడపనే త్రొక్కుదురు. తండ్రి గతించెను. భూమి అన్నదమ్ములలో నొకని పేర విరాసతు అయినది. అత్తవారింటనున్న ఆడపడుచు తన పాలు అడిగినది. ఇట్టి తగవు చావడిలో తీరనిచో, “ఏ వకీలు కడకు పోవలెను?” అని వారు మిమ్ములనే యడుగుదురు. మీరిచ్చు జవాబుపై ఒక కుటుంబపు నాలుగెకరములును, అంతకంటె విలువైన తోబుట్టువుల పొత్తును ఆధారపడియుండును. కావున నేడు సిద్దిపేట జిల్లా రాయపోలు ప్రాంతమును దృష్టియందుంచుకొని ఈ విషయమును ముచ్చటించెదను.

వకీలును వెదకుటకు ముందు ఇంట చేయవలసిన పని యొకటి గలదు. తాతనాటినుండి వంశవృక్షమును వ్రాసి, ఎవరెవరు ఏ యేట గతించిరో దాని ప్రక్కన గుర్తింపవలెను. ఆడబిడ్డల పేర్లను విడువరాదు. పట్టాదారు పుస్తకములు, పహాణీ నకళ్లు, మరణ ధ్రువపత్రములు, ఉన్నచో వీలునామా ఒక్క సంచిలో చేర్పవలెను. తెలంగాణమున 1954-55 నాటి ఖాస్రా పహాణీ మిక్కిలి ముఖ్యమైన ఆధారము. రాయపోలు 2016లో మండలమైనది. అంతకుముందు అది దౌలతాబాదు మండలమున, మెదక్ జిల్లాలో నుండెను. ఆనాడు జిల్లా కేంద్రము సంగారెడ్డి. కనుక పాత దావాల కాగితములకై అచ్చటకు పోవలసి రావచ్చును. నిజాము కాలపు పత్రములు ఉర్దూలో నుండును గాన, వానిని చదువగల వకీలు గాని, చదివించుకొను ఓపిక గల వకీలు గాని మనకు కావలెను.

ఇక వకీలు ఎట్టివాడై యుండవలెను? హత్యకేసులలో పేరు మోసినవాడు భూమి దావాలో దిట్ట కానక్కరలేదు. వారసత్వ ధర్మము మాటిమాటికి మారినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము పురుషుడు వీలునామా వ్రాయక మరణించినచో, అతని స్వార్జితమున తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుండ్రకు సమానముగా పాళ్లు వచ్చును. పిత్రార్జితమున 2005 నాటి సవరణ కూతురికిని కొడుకుతో సమానమైన హక్కు నిచ్చెను. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టపరచెను. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రము వలననో కోర్టు డిక్రీ వలననో ముగిసిన పంపకములను ఆ సవరణ కదల్పదు. ముస్లిము సోదరులకును, క్రైస్తవులకును వేరు ధర్మములు గలవు.

ఈ తెలివి యెంత అవసరమో ఒక నిజమైన దావా చూపుచున్నది. ఆంధ్రదేశమున ఒక కుటుంబపు పంపకపు దావాలో 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చెను. 2003లో దానిని సవరించిరి. తుది డిక్రీ కాకమునుపే 2005 సవరణ వచ్చుటచే, కూతుండ్రు కొడుకులతో సమానమైన పాలు కోరిరి. క్రింది కోర్టు అంగీకరించెను, హైకోర్టు కాదనెను. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు కూతుండ్ర పక్షమున తీర్పు చెప్పెను. ప్రాథమిక డిక్రీతో పంపకము ముగియదని యెరిగి, తుది డిక్రీకి లోపుగా అడుగుటచేతనే వారికి ఆ పాలు దక్కినది.

కాబట్టి మొదటి భేటీలో వకీలు నేమని ప్రశ్నింపవలెనో చెప్పెదను. ఈ దావా ఏ కోర్టులో వేయవలెను? భూమి యున్నచోటి కోర్టులోనే వేయవలెననునది సామాన్య నియమము. గడువు మిగిలి యున్నదా? ఉమ్మడి ఆస్తి నుండి తన్ను తొలగించిరని తెలిసిన నాటినుండి 12 ఏండ్లలోగా దావా వేయవలెను. పత్రమును రద్దు చేయించుటకైనచో ఆ గడువు 3 ఏండ్లే. కోర్టు రుసుము ఎంత? ఉమ్మడి స్వాధీనములో నున్నవారికి అది స్వల్పము. స్వాధీనము పోయినవారికి పాలు విలువను బట్టి పెరుగును. వారసులందరిని దావాలో చేర్చుచున్నారా? ఒక చెల్లెలిని విడిచినను దావా చిక్కులపాలగును. మీకు ప్రతికూలమైన అంశము లేవి? ఈ కడపటి ప్రశ్నకు నిదానముగా బదులు చెప్పువాడు నమ్మదగినవాడు. కాగితము చూడకమునుపే “గెలుపు మనదే” యనువానిని నమ్మవలదు.

ఫీజు సంగతి సిగ్గుపడక ముందే మాటాడి, వ్రాతలో తీసికొనవలెను. గెలిచిన భూమిలో పాలు కోరుటను న్యాయవాదుల నియమములు నిషేధించుచున్నవి. అట్టి బేరము చేయువానిని అక్కడనే విడువవలెను. వకాలతునామాను చదివించుకొని సంతకము చేయవలెను. తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయరాదు. అసలు పత్రము లిచ్చినచో రసీదు పుచ్చుకొనవలెను. అన్నకును చెల్లెలికిని తగవున్నచో ఇరువురకు ఒక్క వకీలు పనికిరాడు. వకీలుపై నమ్మకము పోయినచో మార్చుకొను హక్కు కక్షిదారునకు గలదు. అతడు ద్రోహము చేసినచో రాష్ట్ర బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చును.

ధనము లేనివారు నిరాశపడవలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని, వికలాంగులకును ఆదాయముతో పనిలేకుండ ఉచితముగా వకీలు నిత్తురు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనిన చాలును. పాలు కోల్పోయిన విధవరాలికి ఈ ఒక్కమాట చేరవేసినను మీరు గొప్ప మేలు చేసినవారగుదురు.

చివరగా పెద్దలకు రెండు మనవులు. “నాకు పాలు వద్దు” అని ఆడపడుచు చావడిలో అన్నంతమాత్రమున ఆమె హక్కు పోదు. ఆమె ఇష్టపూర్వకముగా విడుదల పత్రము వ్రాసి రిజిస్టరు చేయింపవలెను. అట్లే విరాసతులో ఒకని పేరెక్కినంతనే మిగిలిన వారసుల హక్కు నశింపదు. ఇక రాజీ కుదిరెడి తగవును లోక్ అదాలతుకు పంపుడు. అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు గాన, సంతకమునకు ముందు ప్రతి పంక్తిని చదివి వినిపింపుడు. రాజీకి దారి యున్నప్పుడు ఆ దారి చూపువాడు, లేనప్పుడు వెనుదీయక వాదించువాడు మంచి వకీలు. అట్టివానిని వెదకి చూపుడు. సెలవు.